మీరడిగారు: ఆట అయిపోయాక ఊళ్ళో ఏం జరగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నాటకం, పాట, బొమ్మలాట, వీడియో, వీటితో నిజంగా మనుషులు మారతారా, ఊళ్ళు మారతాయా అని. అందుకే ఈ సంచికలో పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. మిగతా ప్రశ్నలు వచ్చేసారి.

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్. బాల్యవివాహాల మీద వీధి నాటకం కట్టి మా దత్తత గ్రామంలో వేశాం. జనం బాగా వచ్చారు, చప్పట్లు కొట్టారు, ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. తర్వాత కొన్నాళ్ళకే అదే వీధిలో పదో తరగతి చదివే అమ్మాయికి పెళ్ళి చేసేశారు. ఇంక మేం నాటకాలు వేసి ఏం లాభం మేడమ్?
— ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

ముందు ఆ అమ్మాయి సంగతి మాట్లాడదాం తమ్ముడూ, నాటకం సంగతి తర్వాత. పెళ్ళి అయిపోయింది కదా, ఇంక చేసేదేముంది అనుకోవద్దు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్ళిని రద్దు చేయమని ఆ అమ్మాయి కోర్టును అడగొచ్చు, మైనారిటీ తీరిన తర్వాత కూడా రెండేళ్ళ దాకా ఆ హక్కు ఉంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌తోనూ ఐసిడిఎస్ సూపర్‌వైజర్‌తోనూ మాట్లాడండి. కనీసం పదో తరగతి పరీక్షలైనా రాయనిస్తారేమో అత్తింటివాళ్ళని అడిగించండి. ఆ ఊళ్ళో నాటకం వేసినవాళ్ళుగా ఇది మీ బాధ్యతే.

ఇప్పుడు నాటకం గురించి. లాభం లేదని అప్పుడే తేల్చేయకండి, మీ పక్క జిల్లాలోనే ఏం జరిగిందో ఒకసారి చూడండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పలక, పుస్తకం ఊళ్ళోకి రాకముందే కళాజాతా వచ్చేది. డప్పు మోగేది, పాటలు పాడేవాళ్ళు, చదువు లేక మోసపోయినవాళ్ళ కథలు చిన్న చిన్న నాటికలుగా ఆడేవాళ్ళు. ఇలాంటి జాతాలు అంతకుముందే కేరళలో శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్ళు నడిపారు, 1990 ఫిబ్రవరిలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటన వచ్చాక ఆ పద్ధతి దేశమంతా పాకింది. నెల్లూరులో జాతా వెళ్ళిపోయాక రాత్రి బడి మొదలయ్యేది, అసలు కీలకం అక్కడుంది. కూలి పనుల నుంచి వచ్చి, ఇంత వండిపెట్టి, ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుబోతు మొగుడి వల్ల నాశనమైన ఒక సంసారం కథ. అక్షరాలు కూడబలుక్కుంటూ అది చదివిన ఆడవాళ్ళు పుస్తకం పక్కనపెట్టి తమ ఇళ్ళ సంగతులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి, సారా దుకాణం ఊళ్ళో ఎందుకుంది, దాన్ని ఎవరు పెట్టించారు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఏకమై సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే అందరికీ తెలిసింది, దూబగుంట రోశమ్మ అంటేనే ఎక్కువమందికి గుర్తు. వాళ్ళు చేసిన పని తర్వాత అదే చదువుల ఉద్యమంలో ఇంకో పాఠమైంది, ఆ పాఠం చదివిన ఊళ్ళలో మళ్ళీ ఆడవాళ్ళు దుకాణాల మీదికి వెళ్ళారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. అది 1997లో పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, కానీ సారా నిషేధం మాత్రం నిలిచింది. అక్షరం రాని ఆడవాళ్ళు అంత పని చేశారంటే దాని వెనక డప్పూ పాటా ఉన్నాయి, ఆ పాట అయిపోయిన మర్నాటి సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు కూడా ఉంది. మీ నాటకానికి ఈ రెండోది లేదు. అంతే తేడా.

కాబట్టి ఇంకో కొత్త ఊరికి పోకండి. అదే ఊరికి, అదే వీధికి మళ్ళీ వెళ్ళండి, ఈసారి మైకు లేకుండా. హైస్కూలు ఆడపిల్లలతో వారానికోసారి కూర్చోగలరా? తల్లులతో? ఆ వీధి నుంచి బడికి ఆటో ఉందా, మరుగుదొడ్డికి తలుపుందా, పదో తరగతి తర్వాత జూనియర్ కాలేజీ ఎంత దూరం? పెళ్ళి తొందరపడటానికి అసలు కారణం ఇలాంటివాటిలోనే ఉంటుంది. అవి తెలుసుకున్నాక నాటకం తిరగరాయండి, మీకే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: సంఘ సంస్కరణ కోసం రాసింది సాహిత్యం కాదు, నినాదం. కళని కళగా ఉండనివ్వండి. మీరేమంటారు?
— ఒక రిటైర్డ్ లెక్చరర్, రాజమహేంద్రవరం

మీతో నేను ఒప్పుకోలేను మాస్టారూ, ఎందుకో చెప్తాను. కన్యాశుల్కం తీసుకోండి. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. మొదటి కూర్పు పీఠికలో గురజాడ ఏం రాశారో మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయించారు. డబ్బు పుచ్చుకుని చేసినవి 1,034 తేలాయి, అదీ అసంపూర్ణమైన లెక్కే. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల అంటే ఇంకా నడక కూడా సరిగా రాని పసిగుడ్డు. ఈ అంకెలు చూసిన మనిషి నాటకం రాశాడు, సంస్కరణ కోసమే రాస్తున్నానని పీఠికలో చెప్పి మరీ రాశాడు.

అయినా ఇవాళ మనకి గుర్తున్నది గిరీశం, మధురవాణి, రామప్పంతులు, అగ్నిహోత్రావధాన్లు. ఒక్కళ్ళూ నినాదం కాదు. గిరీశాన్ని చూస్తే కోపం రావాలి, వస్తుంది కూడా, కానీ వాడు మాట్లాడుతుంటే వినకుండా ఉండలేం. గురజాడ 1909లో ఆ నాటకాన్ని మళ్ళీ రాశారు, ఎంతో పెంచారు, మనుషుల్ని ఇంకా లోతుగా చూశారు. సంస్కరణ అనే ఉద్దేశం ఆయన కళని చంపలేదు, మనుషుల దగ్గరికి తీసుకెళ్ళింది. అంతకుముందు వీరేశలింగం గారు మీ ఊళ్ళోనే 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు, ప్రహసనాలూ రాశారు, పత్రికా నడిపారు, బడీ పెట్టారు. ఆయనకి ఇవి వేర్వేరు పనులుగా అనిపించలేదని నా నమ్మకం.

మీరన్న మాటలో ఒక నిజం మాత్రం ఉంది. ముందే నిర్ణయించిన సందేశం చివర్లో ఒకడు వచ్చి చెప్పేస్తే అది నాటకం కాదు. దాన్ని నేనూ సమర్థించను. తప్పు సంస్కరణ కోరడంలో లేదు, చూసేవాళ్ళకి బుర్ర లేదనుకోవడంలో ఉంది.

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. మా పిల్లలతో నాటికలు వేయిస్తుంటాను. చూసేవాళ్ళు కూడా మాట్లాడేలా, ఆలోచించేలా చేసే పద్ధతి ఏదో ఉందని విన్నాను. అది మన ఊళ్ళలో కుదురుతుందా?
— ఒక ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

కుదురుతుందండీ, బ్రహ్మాండంగా కుదురుతుంది. మీరు విన్నది ఫోరం థియేటర్ గురించి అయ్యుంటుంది. బ్రెజిల్‌కి చెందిన అగస్టో బోల్ అనే నాటక ప్రయోక్త దీన్ని తయారుచేశాడు. 1971లో సైనిక ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టింది, దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు జరిగిన ఒక సంఘటన ఆయన రాసుకున్నాడు. చదువురాని ఒక ఇల్లాలికి మొగుడు అప్పుడప్పుడూ కొన్ని కాగితాలిచ్చి, ఇల్లు కట్టుకోవడానికి సంబంధించిన పత్రాలు, జాగ్రత్తగా దాచు అనేవాడు. ఆవిడ భద్రంగా దాచేది. ఒకరోజు అనుమానమొచ్చి చదువొచ్చిన పక్కింటావిడకి చూపిస్తే అవి మొగుడికి ఇంకో ఆడది రాసిన ప్రేమలేఖలు. రాత్రికి మొగుడు వస్తాడు, ఏం చేయాలి? ఈ కథని నటులు ఆడుతూ మధ్యలో ఆపి ప్రేక్షకుల్ని అడిగారు. ఒకావిడ లేచి, వాడితో గట్టిగా తేల్చి మాట్లాడాలి అంది. నటి మాట్లాడింది. అలా కాదు, ఇంకా గట్టిగా అంది ఆవిడ. మళ్ళీ ఆడారు, మళ్ళీ కాదంది. చివరికి విసుగొచ్చి, నువ్వే వచ్చి చూపించమ్మా అంటే ఆవిడ వేదికెక్కి చీపురుకర్ర తీసుకుని ఆ మొగుడి వేషగాణ్ణి చితకబాదేసింది! గట్టిగా మాట్లాడటం అంటే ఆవిడ ఉద్దేశం అది. చూసేవాళ్ళ తరఫున మనం ఆడితే చాలదు, వాళ్ళే వచ్చి ఆడాలి అని బోల్‌కి అప్పుడు అర్థమైందట.

పద్ధతి చెప్తాను. పది, పదిహేను నిమిషాల నాటిక కట్టండి. ఉదాహరణకి పదో తరగతి అమ్మాయి, మంచి సంబంధం వచ్చిందని తొందరపెట్టే నాయనమ్మ, అప్పుల్లో ఉన్న తండ్రి, మాట పడకూడదని నోరు మెదపని తల్లి, అమ్మాయికి ఇంకా చదువుకోవాలని ఉంది. నాటిక ఓడిపోవాలి. అంటే పెళ్ళి ఖాయం కావాలి, కన్నీళ్ళతో ఆగిపోవాలి. అప్పుడు ఆటని నడిపించే మనిషి, ఈ పాత్రని జోకర్ అంటారు గానీ మనం సూత్రధారి అనుకోవచ్చు, జనం ముందుకొచ్చి, ఇలా జరగకుండా ఎక్కడ ఎవరు ఏం చేసి ఉండొచ్చు అని అడగాలి. మళ్ళీ మొదటి నుంచి ఆడతారు, ఈసారి చూసేవాళ్ళలో ఎవరైనా "ఆపండి" అని లేచి అమ్మాయి స్థానంలోకో తల్లి స్థానంలోకో రావచ్చు. మిగతా నటులు ఊరికే లొంగిపోకూడదు, నాయనమ్మ నాయనమ్మలాగే వాదించాలి, నాలుగు మాటలకే తండ్రి మనసు మారిపోతే అది అబద్ధం, అక్కడున్న ప్రతి ఆడపిల్లకీ అది అబద్ధమని తెలుసు.

మొదట ఎవరూ లేవరు. గాభరాపడకండి. కాసేపు ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనివ్వండి, తర్వాత కూర్చున్నచోటి నుంచే చెప్పమనండి, ఎవరో ఒక అమ్మమ్మ "దాని మేనమామని పిలవాల్సింది" అంటుంది, ఆవిణ్ణే రమ్మనండి. ఇక ఆ సాయంత్రం మీ చేతిలో ఉండదు. ఒకరు 1098 అంటారు, ఒకరు స్కూల్ హెడ్‌మాస్టర్ అంటారు, ఒకరు ముందు ఆ అప్పు సంగతి చూడండి అంటారు. అప్పు అన్న మాట వచ్చిందంటే మీ నాటకం పనిచేసినట్టే, ఎందుకంటే దాని గురించి ఎవరూ నలుగురిలో మాట్లాడరు. అవన్నీ ఒకరు రాసుకోవాలి. పశ్చిమ బెంగాల్‌లో జనసంస్కృతి అనే సంస్థ 1985 నుంచి ఊళ్ళలో పనిచేస్తోంది, ఇదే పద్ధతిలో, ఒకే నాటకాన్ని ఒకే ఊళ్ళో మళ్ళీ మళ్ళీ ఆడుతూ. బోల్ అయితే 1993 నుంచి రియో నగర కౌన్సిల్ సభ్యుడిగా ఉండి, ఇలాంటి ప్రదర్శనల్లో జనం చెప్పినవాటిని చట్టాల ప్రతిపాదనలుగా పెట్టాడు, వాటిలో పదమూడు నిజంగానే చట్టాలయ్యాయి. మన దగ్గర మీరు రాసుకున్న కాగితం గ్రామసభ దాకా వెళ్తే చాలు.

ఒక జాగ్రత్త. ఊళ్ళో ఈమధ్యే జరిగిన పెళ్ళినో గొడవనో ఉన్నదున్నట్టు ఆడకండి. పేర్లు మార్చినా అందరూ గుర్తుపడతారు, ఆ పిల్ల నలిగిపోతుంది.

ప్రశ్న: మాది తాతలనాటి నుంచి బుర్రకథ చెప్పే కుటుంబం. ఇప్పుడు ఏదో ఒక శాఖ వాళ్ళు రాసిచ్చిన స్క్రిప్టు చెప్పమంటారు, ఒక్కోసారి ఒకే రోజు రెండు మూడు ఊళ్ళు. జనం కూడా మునుపటిలా వినరు. మా పిల్లలు ఈ పని వద్దంటున్నారు. కళ బతకాలంటారు గానీ మేమెలా బతకాలి?
— ఒక బుర్రకథ కళాకారుడు, గుంటూరు జిల్లా

అన్నా, మీ చివరి మాట దగ్గర్నుంచే మొదలుపెడతాను. పిల్లలు వద్దంటే బలవంతపెట్టకండి. కళని కాపాడే బరువు కళాకారుల పిల్లల నెత్తినే పెట్టడం అన్యాయం. వాళ్ళు చదువుకుని ఉద్యోగం చేసుకుంటూ కూడా తంబూరా పట్టొచ్చు, పట్టకపోవచ్చు, అది వాళ్ళిష్టం. పారితోషికం విషయంలో మాత్రం మొహమాటపడకండి. ఒప్పుకునే ముందే ఎంత, ఎప్పుడు, రానుపోను ఖర్చులు ఎవరివి అని కాగితం మీద రాయించుకోండి. సగం ముందు అడగండి. నలుగురైదుగురు దళాలవాళ్ళు కలిసి ఒకే రేటు మాట్లాడుకుంటే ఇంకా మంచిది.

ఇక స్క్రిప్టు. బుర్రకథలో కథకుడు ఒక్కడే కాదు కదా, అటు రాజకీయం చెప్పే వంత, ఇటు హాస్యం చెప్పే వంత. ఈ ముగ్గురి అమరికలోనే ఆ కళ బలమంతా ఉంది. కథ పల్నాటిదో బొబ్బిలిదో అయినా రాజకీయ వంత ఇవాళ్టి ఊరి సంగతి ఎత్తుతాడు, జనం నోట్లో ఉన్న అనుమానాన్ని హాస్యగాడు అడిగేస్తాడు. మీ గుంటూరు జిల్లా పొన్నెకల్లు బిడ్డ షేక్ నాజర్ గారు దీన్ని ఎంత ఎత్తుకి తీసుకెళ్ళారో మీకు నేను చెప్పాలా. 1940లలో వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలితో కలిసి ఆయనా, ఆయన తోటివాళ్ళూ పాత కథల వరసల్లో కరువు గురించీ, జమీందార్ల గురించీ, భూమి గురించీ చెప్తుంటే వేలమంది రాత్రంతా కూర్చుని విన్నారు. అదే మండలి ఆడిన మా భూమి నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందంటే ఆ మాటలు ఎంత లోతుగా తగిలాయో ఆలోచించండి. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

శాఖవాళ్ళిచ్చే స్క్రిప్టులో ముగ్గురూ ఒకే మాట చెప్తారు, పథకం మంచిది అని. అనుమానం అడిగేవాడు లేడు. అందుకే జనం వినట్లేదు, మీ గొంతులో లోపం ఏమీ లేదు. మీరు ఆ అధికారుల్ని ఒకటి అడిగి చూడండి. సమాచారం మీరివ్వండి, కథ మేం కట్టుకుంటాం, ఒక పూట ముందు ఆ ఊరికి పంపండి అని. మధ్యాహ్నం వెళ్ళి రచ్చబండ దగ్గరా, మంచినీళ్ళ ట్యాంకు దగ్గరా కూర్చుని వినండి. టీకా గురించి చెప్పాల్సి ఉంటే, టీకా వేయిస్తే జ్వరమొస్తుంది, ఆ రోజు కూలి పోతుంది, పిల్లని ఎవరు చూస్తారు అని ఏ తల్లో అంటుంది. సాయంత్రం హాస్యగాడు అదే మాట అడగాలి, ఆ తల్లి మాటల్లోనే, కథకుడు దానికి నిజమైన జవాబు చెప్పాలి. జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఏఎన్ఎమ్మమ్మ ఇచ్చే మందు ఇలా వేయాలి అని. ఆ ఏఎన్ఎమ్ కూడా అక్కడే కూర్చుని ఉండాలి, కథ అయ్యాక జనం ఆవిడ దగ్గరికే వెళ్తారు. రోజుకు మూడు ఊళ్ళు తిరిగితే ఇదంతా కుదరదు. ఒక రోజుకి ఒక ఊరే చేస్తామని గట్టిగా చెప్పే హక్కు మీకుంది, ఎందుకంటే పని తెలిసినవాళ్ళు మీరు.

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీలో చదువుతూ వీధి నాటకాల బృందంలో చేరింది. బస్తీల్లో, ఫ్యాక్టరీల దగ్గర వేస్తున్నారట. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మాన్పించమంటారా?
— ఒక తల్లి, హైదరాబాద్

మీ టెన్షన్ నాకు అర్థమవుతుందమ్మా. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఊరడించను. సఫ్దర్ హష్మీ పేరు మీరు విని ఉండొచ్చు. ఢిల్లీలో జన నాట్య మంచ్ అనే బృందం నడిపేవాడు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో కార్మికుల మధ్య నాటకం వేస్తుండగా దాడి చేశారు. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు, సఫ్దర్ మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. 34 ఏళ్ళు. జనవరి 4న ఆయన భార్య మొలయశ్రీ, బృందంతో కలిసి అదే చోటికి వెళ్ళి, ఆగిపోయిన ఆ నాటకాన్ని పూర్తిగా ఆడి వచ్చింది. భర్త పోయి రెండు రోజులే అయింది. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 12ని ఇప్పటికీ వీధి నాటక దినంగా జరుపుకుంటారు.

ఇలాంటివి అరుదు, కానీ జరిగాయి. కాబట్టి మీ అమ్మాయిని మాన్పించకండి, ప్రశ్నలు అడగండి. వెళ్ళే బస్తీలో వాళ్ళని పిలిచిందెవరు, అక్కడ తెలిసిన మనిషి ఉన్నారా, మైకుకి అనుమతి తీసుకున్నారా, చీకటి పడకముందు బయటపడతారా, ఆడపిల్లలు తిరిగి రావడానికి బండి ఏది, ఎవరైనా గొడవకి దిగితే ఆట ఆపి అందరూ ఎటు నడవాలో ముందే అనుకున్నారా. మంచి బృందమైతే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉంటాయి. లేకపోతే మీరడిగాక తయారుచేసుకుంటారు. ఒక్కసారి మీరూ వెళ్ళి జనంలో కూర్చుని చూడండి. మీ అమ్మాయి అంతమంది ముందు గొంతెత్తి మాట్లాడటం మీరు చూడాలి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలం. ఊరికి ఏదైనా చేయాలని ఉంది, జానపద కళలంటే ఇష్టం. ఏడాదికోసారి కళాకారులకి సన్మానం చేసి డబ్బు ఇద్దామనుకుంటున్నాం. మీ సలహా?
— ఒక పాఠకుడు

శాలువా బదులు పని ఇవ్వండి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల్నే చూడండి, ధర్మవరం దగ్గరి ఊరు. రామాయణ భారతాలు రాత్రంతా ఆడే రోజులు తగ్గిపోయాక, అదే మేకతోలు మీద అదే రంగులతో దీపాల గొడుగులూ, గోడకి తగిలించే బొమ్మలూ చేసి ఆ ఊరివాళ్ళు బతుకు నిలబెట్టుకున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కొత్త దారి వాళ్ళే వెతుక్కున్నారు, బయటివాళ్ళు నేర్పలేదు.

దీపాల గొడుగులు కొనండి, తప్పు లేదు, కానీ వాటితో ఆట బతకదు. మీరు చేయగలిగింది ఇంకోటుంది. ఒక కొత్త కథకి బొమ్మలు చేయించండి. మీ ఊరి చెరువు ఎలా పూడిపోయిందో, వలస వెళ్ళిన కుటుంబంలో మిగిలిన ముసలివాళ్ళు ఎలా ఉన్నారో, కథ ఏదన్నది మాత్రం కళాకారులూ ఊరివాళ్ళూ కూర్చుని తేల్చుకోవాలి, డల్లాస్ నుంచి కాదు. కొత్త బొమ్మలు చెక్కి రంగులు వేయడానికి నెలలు పడుతుంది, ఆ నెలలకి జీతంలాగా ఇవ్వండి, తోలు ఖర్చు ముందే ఇవ్వండి. ఆ తర్వాత చుట్టుపక్కల బడుల్లో ఏడాది పొడుగునా ఆడించడానికి ఒప్పందం చేసుకోండి. చెరువు కథ ఆడారనుకోండి, పూడిక తీయడానికి ఊళ్ళో ఎవరైనా ముందుకొస్తే వాళ్ళకి ట్రాక్టర్ డీజిల్ ఖర్చు కోసం కూడా కొంత పక్కన పెట్టండి. ఆటకి డబ్బు ఇచ్చి, ఆట చూసి కదిలినవాళ్ళకి ఏమీ లేకుండా చేయొద్దు.

ప్రశ్న: మాది డ్వాక్రా గ్రూపు. మా ఊరి సమస్యల మీద ఫోన్‌తో చిన్న సినిమాలు తీయాలని అనుకున్నాం. మాలో సగం మందికి చదువు రాదు. నవ్వుతారేమో అని భయం.
— ఒక సంఘం సభ్యురాలు, వికారాబాద్ జిల్లా

నవ్వనీ చెల్లెమ్మా. మీ పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు మీకంటే ఎంతో ముందే ఈ పని చేశారు. ఎక్కువమంది దళిత రైతు స్త్రీలు, చదువు లేదు. కెమెరా పట్టారు. కింద నుంచి పైకి చూసే షాట్ బానిస షాట్ అన్నారు, పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, కళ్ళకి కళ్ళు ఎదురుగా ఉండేది సంఘం షాట్. ఏ సినిమా స్కూల్లోనూ కెమెరా ఎత్తు గురించి ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. వాళ్ళు ఎదుటి మనిషిని ఎప్పుడూ సంఘం షాట్‌లోనే తీయాలనుకున్నారు. వరంగల్ వెళ్ళి బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతులతో మాట్లాడి సినిమా తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో పెట్టుకుని పాటలూ, విత్తనాల ముచ్చట్లూ తమ యాసలోనే వినిపించారు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్లు అలంకరించి, రకరకాల పాత విత్తనాలు పెట్టుకుని, పాడుకుంటూ ఆడుకుంటూ ఊరూరా తిరుగుతారు, ఆగిన ప్రతి ఊళ్ళోనూ రైతులు కూర్చుని పంటల గురించి మాట్లాడుకుంటారు. జొన్నలు, కొర్రలు పేదవాళ్ళ తిండి అని లోకం చిన్నచూపు చూసిన రోజుల నుంచి వాళ్ళు ఆ పని చేస్తున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది కదా, అప్పటికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే.

మీరు మొదట ఒకే ఒక్క సమస్య తీసుకోండి. రేషన్ తూకమో, మంచినీళ్ళో. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, మాట్లాడే మనిషికి దగ్గరగా నిలబడండి, లేకపోతే గాలి హోరే వినిపిస్తుంది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ప్రశ్నలు వేయకండి, అయ్యాక కాసేపు ఫోన్ అలాగే పట్టుకుని ఉంటే అసలు మాట అప్పుడు వస్తుంది. అయిదారు నిమిషాలు చాలు. పూర్తయ్యాక యూట్యూబ్‌లో పెట్టడానికి తొందరపడకండి. ముందు అందులో కనిపించినవాళ్ళకి చూపించి, ఇది పెట్టొచ్చా అని అడగండి, ఎవరైనా వద్దంటే ఆ ముక్క తీసేయండి. తర్వాత గ్రూపు మీటింగ్‌లో చూపించండి, ఆ తర్వాత గ్రామసభలో, సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి ఎదురుగా. దాని మీద ఏం చేస్తామన్నారో తీర్మానంలో రాయించి, ఎప్పటిలోగా అన్నది కూడా రాయించండి. ఆ తేదీకి మళ్ళీ అదే చోటికి ఫోన్ పట్టుకుని వెళ్ళండి, పని జరిగినా జరగకపోయినా తీయండి, అదే మీ రెండో సినిమా.